కూలర్ మోటార్ షాఫ్ట్‌ను ఫ్యాన్ రెక్క వదలడం లేదు, ఏ టూల్ కొనాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంట్లో ఇనుప బాడీ కూలర్, 18 అంగుళాల అల్యూమినియం ఫ్యాన్. మోటార్ తిరుగుతోంది కానీ బేరింగ్ అరుస్తోంది. బేరింగ్ మార్చాలంటే ముందు ఫ్యాన్ రెక్క ఊడాలి. అలెన్ కీతో స్క్రూ వదులు చేశారు. కిరోసిన్ పోసి రెండు రోజులు ఆగారు. వెనక నుంచి స్క్రూడ్రైవర్ దోపి ఎత్తారు. చివరికి షాఫ్ట్ (మోటార్ నుంచి బయటికి వచ్చే ఇరుసు) కొస మీద సుత్తితో నాలుగు దెబ్బలు కూడా వేశారు. ఫ్యాన్ మాత్రం కదల్లేదు, పైగా ఒక రెక్క కాస్త వంగింది. ఇప్పుడు ఏ టూల్ కొంటే పని అవుతుందని అడిగారు.

సూటిగా చెప్పాలంటే మీకు కావాల్సింది 3 లేదా 4 అంగుళాల చిన్న బేరింగ్ పుల్లర్, అంటే కాళ్ళతో వెనక నుంచి పట్టుకుని, నడుమ మర తిప్పితే బయటికి లాగే టూల్. హార్డ్‌వేర్ షాపులో పుల్లర్ అంటే చాలు, ఇస్తారు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అయితే రెండు కాళ్ళదా, మూడు కాళ్ళదా అన్నది మీ ఫ్యాన్‌కు ఎన్ని రెక్కలున్నాయో చూసి తీసుకోవాలి. అది కింద చెప్తాను. ఇంకో మాట కూడా ఉంది. ఇప్పుడున్న స్థితిలో నేరుగా పుల్లర్ బిగిస్తే మీ హబ్, అంటే రెక్కలన్నీ కలిసే మధ్యలో ఉండే ముద్ద, షాఫ్ట్ దూరే భాగం, పగిలే ప్రమాదం ఉంది. ముందు కొంత వేరే పని చేయాలి.

నేను వరంగల్‌లో 26 ఏళ్ళుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మార్చి వచ్చిందంటే షాపు ముందు కూలర్ మోటార్లు వరస కడతాయి. సగానికి సగం మోటార్లకు రెక్క తీయడమే పెద్ద పని, ఆ తర్వాత రిపేరు తేలికే. అందుకే ఈ విషయం కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందు సుత్తి పక్కన పెట్టండి. "బేరింగ్ ఎలాగూ మారుస్తున్నాను కదా, కొడితే ఏం పోతుంది" అని మీరు అనుకుని ఉంటారు. పోయేది బేరింగ్ ఒక్కటే కాదు. కొస మీద కొట్టిన ప్రతి దెబ్బకూ షాఫ్ట్ అంచు పుట్టగొడుగులా బయటికి పొంగుతుంది. అది పావు మిల్లీమీటరు పొంగినా చాలు, హబ్ దాన్ని దాటి రాలేదు. అంటే రెక్క తీయడానికి వేసిన దెబ్బే రెక్కకు తాళం వేస్తుంది. పైగా ఈ చిన్న మోటార్లలో రోటార్‌కూ (లోపల తిరిగే భాగం) స్టేటర్‌కూ (చుట్టూ తిరగకుండా ఉండే భాగం) మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. షాఫ్ట్ కొంచెం వంగినా లోపల రాసుకుంటుంది. ముందు కవర్ అల్యూమినియంతో పోత పోసినది అయితే బేరింగ్ కూర్చునే చోట చీలిక రావచ్చు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఈ తప్పు స్వయంగా చేశాను. ఒక ఫంక్షన్ హాల్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వచ్చింది. ఉస్తాద్ భోజనానికి వెళ్ళి వచ్చేలోపు తీసేద్దామని కొట్టీ కొట్టీ షాఫ్ట్ కొసను బొత్తాంలా చేసేశాను. ఉస్తాద్ వచ్చి చూశాడు. తిట్టలేదు. షాఫ్ట్‌ను లేత్‌కు పంపి ఆ డబ్బులు తనే కట్టాడు. మర్నాడు పొద్దున పుల్లర్ నా చేతికిచ్చి, "కొట్టేవాడికి చెయ్యి ఉంటే చాలు, లాగేవాడికి కన్ను కావాలి" అన్నాడు. ఆ కన్ను ఎక్కడెక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్తాను.

ప్లగ్ పీకి, కండెన్సర్ కాళ్ళు రెండూ కలిపి చార్జి పోగొట్టి (స్క్రూడ్రైవర్ పిడి పట్టుకోండి, ఇనుము కాదు), మోటార్‌ను స్టాండ్ నుంచి విప్పి రెక్కతో సహా బయటికి తీయండి. కూలర్ లోపల వంగి చేస్తే ఏమీ కనపడదు, గడ్డికీ తడికీ మధ్య చెయ్యి జారుతుంది. నేల మీద గోనెసంచి పరిచి దాని మీద పెట్టుకోండి. ఒక ఫోటో తీసుకోండి. షాఫ్ట్ కొస నుంచి హబ్ ఎంత లోపలికి ఉందో కొలిచి రాసుకోండి, బిగించేటప్పుడు అది కావాలి.

 హబ్ చుట్టూ టార్చి వేసి చూడండి. రెండో స్క్రూ ఉందేమో చూడాలి. చాలా హబ్‌లకు ఒక స్క్రూకు 90 డిగ్రీల్లో ఇంకో స్క్రూ ఉంటుంది. దాని మీద సున్నం పేరుకుని, రంగు పడి ఉంటే కనపడదు. ఇంకో రకం కూడా ఉంది. ఒకే కన్నంలో ఒకదాని మీద ఒకటి రెండు గ్రబ్ స్క్రూలు (తల లేకుండా, అలెన్ కీతో తిప్పే స్క్రూలు) ఉంటాయి. పైది బయటికి తీసేసి అయిపోయిందనుకుంటాం, కిందది షాఫ్ట్‌ను కరుచుకునే ఉంటుంది. కాబట్టి స్క్రూను వదులు చేసి ఊరుకోకుండా పూర్తిగా బయటికి తీయండి. ఆ కన్నంలోకి సన్నని మేకు దించి అడుగున షాఫ్ట్ నున్నగా తగులుతోందా, లేక గుంతగా తగులుతోందా చూడండి. అలెన్ కీ పట్టే మూలల గుంత తగిలితే ఇంకో స్క్రూ ఉన్నట్టే.

అలెన్ కీ సైజు గురించి కూడా ఒక మాట. మిల్లీమీటర్ల కొలతలో వచ్చే 6 మి.మీ. గ్రబ్ స్క్రూకు 3 మి.మీ. కీ పడుతుంది. పావు అంగుళం గ్రబ్ స్క్రూకు 1/8 అంగుళం కీ కావాలి, అంటే 3.17 మి.మీ. దాంట్లో 3 మి.మీ. కీ వదులుగా దూరుతుంది, తిప్పితే లోపలి మూలలు అరిగిపోతాయి. పాత కూలర్లలో రెండు రకాలూ వస్తాయి. కీ కొంచెం ఆడుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగి, సరైన కీ తెచ్చుకోండి. మూలలు ఇప్పటికే అరిగిపోయి ఉంటే కాస్త పెద్ద సైజు టార్క్స్ బిట్‌ను (నక్షత్రం ఆకారం కొస ఉండేది) చిన్న సుత్తితో లోపలికి దిగ్గొట్టి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. అదీ రాకపోతే డ్రిల్ చేసి తీయాలి. చేతి డ్రిల్‌తో నిటారుగా పోవడం కష్టం, లేత్ షాపులో ఇవ్వడం మేలు.

స్క్రూ సంగతి తేలాక, రెక్క ఎందుకు పట్టేసిందో రంగు చూసి చెప్పొచ్చు. హబ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య గీత దగ్గర ఎర్రగా పొడి ఉంటే ఇనుప తుప్పు. తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే సందులో చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. బూడిద రంగులో తెల్లటి పిండి ఉంటే అల్యూమినియం తుప్పు. ఇనుప షాఫ్ట్, అల్యూమినియం హబ్, మధ్యలో తడి ఉంటే అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది. గట్టిగా తెల్లటి పెచ్చు ఉంటే అది బోరు నీళ్ళ సున్నం.

ఈ సున్నం విషయంలో చాలామంది పొరపడతారు. నూనె, కిరోసిన్, స్ప్రే ఏది పోసినా సున్నం కరగదు. పైగా నూనె పట్టిన సున్నం మీద, ఆ నూనె తుడిచేదాకా ఏదీ పనిచేయదు. మొన్న వేసవిలో హన్మకొండ నుంచి ఒక టీచర్ గారు మోటార్ తెచ్చారు. వారం రోజులుగా రోజూ స్ప్రే కొడుతున్నారట. చూస్తే షాఫ్ట్ చుట్టూ తెల్లటి కట్టు కట్టినట్టు సున్నం. డీజిల్ గుడ్డతో నూనె తుడిచి, ఆరబెట్టి, వెనిగర్‌లో ముంచిన దూది గంటసేపు చుట్టి ఉంచాను. బుసబుసమని బుడగలు వచ్చాయి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, నీళ్ళ గుడ్డతో తుడిచి, అప్పుడు నూనె వేశాను. పుల్లర్ బిగిస్తే పెద్దగా బలం పెట్టకుండానే వచ్చింది. వెనిగర్ లేకపోతే నిమ్మరసం కూడా పనిచేస్తుంది. గంట కన్నా ఎక్కువ ఉంచకండి, అల్యూమినియాన్ని కూడా తింటుంది.

తుప్పు అయితే నూనె కావాలి. కిరోసిన్ పల్చగా ఉంటుంది, సందులోకి పోతుంది, కానీ తొందరగా ఆరిపోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే మంచిదే, అయితే దాని పేరులోనే తడిని తరిమేది అన్న అర్థం ఉంది, అది ముఖ్యంగా అందుకోసమే. తుప్పు వదిలించడానికి ప్రత్యేకంగా వచ్చే రస్ట్ ఆయిల్ స్ప్రే ఇంకా బాగా దిగుతుంది. ఏది వాడినా పోసే పద్ధతే ముఖ్యం. అడ్డంగా పడుకోబెట్టి పోస్తే నూనె అంతా కింద గోనెసంచి తాగుతుంది. మోటార్‌ను నిలబెట్టి, రెక్క పైకి వచ్చేలా పెట్టండి. షాఫ్ట్ కొస చుట్టూ హబ్ మీద గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టండి, ప్రమిదలాగా. అందులో నూనె నింపి రాత్రంతా వదిలేయండి. హబ్ కింద షాఫ్ట్‌కు గుడ్డ చుట్టండి, లేకపోతే కారిన నూనె వైండింగ్ మీదకి పోతుంది. పొద్దున చూస్తే గట్టులో నూనె తగ్గి, కింద గుడ్డ మీద ఎర్రటి మరక కనపడిందంటే దారి దొరికినట్టే.

ఇప్పుడు మీరు కొట్టిన కొస సంగతి. ఆకురాయి తీసుకుని షాఫ్ట్ కొస చుట్టూ పొంగిన అంచును అరగదీయండి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు. తర్వాత బయటికి కనపడే షాఫ్ట్ అంతా ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్దండి. హబ్ రావాల్సిన దారి అదే కదా, దారిలో తుప్పు ఉంటే మధ్యలో మళ్ళీ ఇరుక్కుంటుంది.

తర్వాతి పని వింటే వింతగా ఉంటుంది, కానీ నేను ప్రతిసారీ చేస్తాను. బయటికి లాగే ముందు హబ్‌ను ఒకసారి లోపలికి, అంటే మోటార్ వైపు జరపాలి. గ్రబ్ స్క్రూ ఏళ్ళ తరబడి ఒకేచోట నొక్కి ఉంటుంది కాబట్టి షాఫ్ట్ మీద గుంత పడి, దాని చుట్టూ సన్నని గట్టు లేస్తుంది. హబ్‌ను పట్టి ఉంచేది చాలాసార్లు ఆ గట్టే. హబ్ రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగినా తుప్పు పట్టు విడిపోతుంది, నూనె లోపలికి పాకుతుంది, కొత్తగా బయటపడ్డ షాఫ్ట్‌ను ఎమరీతో రుద్దొచ్చు. షాఫ్ట్ మీద దూరేంత అర అడుగు ఇనుప పైపు ముక్క హబ్ మీద ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. దెబ్బ హబ్ మీద పడాలి, షాఫ్ట్ మీద కాదు. మోటార్ వెనక షాఫ్ట్ కొస బయటికి ఉంటే దాని కింద చెక్క పెట్టి ఆనించండి. హబ్ వెనక షాఫ్ట్ లావుగా మెట్టు తిరిగి ఉంటే మాత్రం ఈ పని చేయకండి, లోపలికి జరిగే చోటు లేదు.

ఇక పుల్లర్. కొనబోయే ముందు రెక్కలు లెక్కపెట్టండి. పుల్లర్ కాళ్ళు రెక్కల మధ్య సందుల్లోంచి వెళ్ళి హబ్ వెనక అంచును పట్టుకోవాలి. నాలుగు రెక్కలుంటే రెండు కాళ్ళ పుల్లర్ ఎదురెదురు సందుల్లో సరిగ్గా పడుతుంది. మూడు రెక్కలుంటే ఒక సందుకు ఎదురుగా రెక్కే వస్తుంది, అందుకని మూడు కాళ్ళది కావాలి. ఆరు రెక్కలకు ఏదైనా సరే. అయిదు రెక్కలుంటే మాత్రం రెండు కాళ్ళదీ కుదరదు, మూడు కాళ్ళదీ కుదరదు. హబ్, రెక్కలు రివెట్ చేసిన పట్టీ కన్నా వెనక్కి బాగా పొడుచుకు వచ్చి ఉంటే ఈ లెక్కతో పని లేదు. హబ్‌కూ మోటార్ కవర్‌కూ మధ్య సందు కూడా కొలవండి. 7, 8 మిల్లీమీటర్లు లేకపోతే మామూలు పుల్లర్ కాలు దూరదు, సన్న కాళ్ళది అడగాలి. హైదరాబాద్ దగ్గర ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అన్ని రకాలూ చేతిలో పట్టుకుని చూసి కొనొచ్చు.

అయిదు రెక్కలకూ, సందు లేనివాటికీ నా దగ్గర నేను చేయించుకున్న పట్టీ ఉంది. 6 మి.మీ. మందం ఇనుప పట్టీ ముక్కలు రెండు. ఒకదానికి షాఫ్ట్ పట్టేంత వెడల్పున గుర్రపు నాడాలాగా గాడి కోయించాను, అది హబ్ వెనక నుంచి దూరుతుంది. రెండోదాని నడుమ కన్నం చేసి నట్ వెల్డింగ్ చేయించాను, అది ముందు వైపు ఉంటుంది. రెండింటినీ కలుపుతూ అటూ ఇటూ పొడవాటి బోల్టులు రెక్కల సందుల్లోంచి పోతాయి. గాడి ఉన్న పట్టీ హబ్ వెనక భాగాన్ని చుట్టూ పట్టుకుంటుంది. నడుమ నట్‌లో బోల్టు తిప్పితే దాని కొస షాఫ్ట్‌ను తోస్తుంది, హబ్ బయటికి వస్తుంది. ఏ వెల్డింగ్ షాపు అతనైనా చేసిస్తాడు. నా దగ్గరున్నది పద్నాలుగేళ్ళ నాటిది, ఇంకా పనిచేస్తోంది.

పుల్లర్ బిగించేటప్పుడు కాళ్ళు హబ్‌ను పట్టుకోవాలి, రెక్కలను కాదు, రెక్కలు రివెట్ చేసిన పట్టీని కూడా కాదు. ఆ పట్టీ వంగిందంటే ఫ్యాన్ జీవితాంతం ఊగుతుంది. పుల్లర్ మర మీద చుక్క గ్రీజు వేయండి. మర కొస షాఫ్ట్ నడిమధ్య కూర్చోవాలి. షాఫ్ట్ కొసకు మధ్య గుంత లేకపోతే సెంటర్ పంచ్‌తో ఒక చుక్క పెట్టండి. కాళ్ళు జారకుండా తాడుతోనో, గట్టి వైరుతోనో చుట్టి కట్టండి. పానాతో మెల్లగా తిప్పండి. బిగువు వచ్చాక ఇంకో పావు చుట్టు తిప్పి, ఆపి, చెయ్యి తీసేయండి. పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఆ బిగువు మీద నూనె ఇంకొంచెం లోపలికి పోతుంది. తర్వాత పుల్లర్ మర తల మీద చిన్న సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ, చిన్నది. మీరు బేరింగ్ మారుస్తున్నారు కాబట్టి ఇది చెప్తున్నాను. బేరింగ్ బాగుండి రెక్క మాత్రమే మార్చేవాళ్ళు ఆ దెబ్బ హబ్ పక్కన వేయాలి.

కదిలేటప్పుడు మీకే తెలుస్తుంది. "టక్" మని ఎండిన చింతకాయ విరిగినట్టు శబ్దం వస్తుంది, పానా ఒక్కసారి వదులవుతుంది. హబ్ అంచు దగ్గర వెంట్రుకంత మెరిసే గీత కనపడుతుంది, దాని చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంటుంది. అక్కడ తొందరపడకండి. ఇంకొంచెం నూనె వేసి అర చుట్టు, మళ్ళీ అర చుట్టు, అలా తీయండి.

అప్పటికీ రాకపోతే వేడి చేయాలి. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. కన్నం ఉన్న హబ్‌ను 100 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ కన్నం దాదాపు 0.03 మి.మీ. పెద్దదవుతుంది. వెంట్రుక మందంలో సగం కూడా కాదు, కానీ తుప్పు పట్టు విడిపోవడానికి అది చాలు. హీట్ గన్‌తో హబ్‌ను మాత్రమే వేడి చేసి, షాఫ్ట్ వేడెక్కేలోపు పుల్లర్ తిప్పాలి. కిరోసిన్ పోసిన దాని మీద గ్యాస్ టార్చి పెట్టకండి. ముందు పూర్తిగా తుడిచి, బయట గాలికి ఆరబెట్టాకే హీట్ గన్ అయినా. కూలర్ గడ్డి దరిదాపుల్లో ఉండకూడదు. ప్లాస్టిక్ ఫ్యాన్ అయితే హీట్ గన్ కూడా వద్దు, మరిగే నీళ్ళలో ముంచిన గుడ్డ హబ్‌కు చుట్టి రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

ఇన్నీ చేసినా రాకపోతే దేన్ని వదులుకోవాలో నిర్ణయించుకోవాలి. మీ విషయంలో మోటార్ బాగుంది, ఫ్యాన్ చవక. కాబట్టి హబ్‌ను స్క్రూ కన్నం మీదుగా హ్యాక్సా బ్లేడుతో షాఫ్ట్‌కు కొంచెం ఇవతల వరకూ కోసి, ఆ గాటులో ఉలి పెట్టి తిప్పితే చీలి వదిలేస్తుంది. మోటార్ కాలిపోయి ఫ్యాన్ బాగున్నవాళ్ళు దీనికి తిరగేసి, హబ్ వెనక షాఫ్ట్‌నే కోసేసి, హబ్‌ను వైస్ మీద ఆనించి ముక్కను వెనక నుంచి దిగ్గొట్టొచ్చు. దానికి పుల్లర్ అక్కర్లేదు.

టేబుల్ ఫ్యాన్ రెక్క గురించి కూడా చాలామంది ఇదే అడుగుతారు. దానికి పుల్లర్ అవసరం దాదాపు రాదు. రెక్క ముందుండే గుండీ ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. తెలియక మామూలు మరలాగా ఎదురు వైపు తిప్పి, బిగించి బిగించి విరగ్గొట్టుకుంటారు.

రెక్క వచ్చాక బేరింగ్ మీద నంబర్ చూసి అదే తెచ్చుకోండి. 6201 అయితే లోపలి కన్నం 12 మి.మీ., 6202 అయితే 15 మి.మీ. తిరిగి బిగించే ముందు హబ్ లోపల చుట్టిన ఎమరీ పేపర్‌తో శుభ్రం చేసి, షాఫ్ట్ మీద గ్రీజు వేలితో పల్చగా రాయండి. స్క్రూ షాఫ్ట్ మీద ఉన్న చదును భాగానికే ఎదురుగా రావాలి, గుండ్రటి చోట బిగిస్తే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే గోల. వంగిన రెక్క సంగతి చూడాలంటే ఒక కర్రను రెక్క కొసకు తగిలీ తగలనట్టు నిలబెట్టి ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. ఏ రెక్క కర్రకు దూరంగానో దగ్గరగానో పోతోందో తెలుస్తుంది. దాన్ని చేత్తోనే, మొదలు దగ్గర పట్టుకుని సరిచేయండి. అన్నీ కర్ర పక్కనుంచి ఒకే ఎడంలో పోవాలి, అప్పుడే కరెంటు ఇవ్వండి.

మీ ఫ్యాన్‌కు ఎన్ని రెక్కలో, హబ్ వెనక ఎంత సందు ఉందో కొలిచి ఒక ఫోటో పెట్టండి. రెండు కాళ్ళదా, మూడు కాళ్ళదా, పట్టీ చేయించాలా అన్నది చూసి చెప్తాను.